వాన చుక్క సరిగ్గా పడని చోట ఇన్ని వేల సరస్సులు ఎలా? ఉత్తర అలాస్కా టండ్రా గురించి తెలిసినవాళ్లు చెప్పండి

పటాల_పని (ప్రశ్న)

అందరికీ నమస్తే. బెంగళూరులో మహదేవపుర వైపు ఒక మ్యాపింగ్ కంపెనీలో పనిచేస్తున్నాను. ఉపగ్రహ చిత్రాల్లో నీళ్లు కనబడిన చోటల్లా అంచు వెంట గీత గీసి, ఇది నది, ఇది చెరువు, ఇది వాగు అని గుర్తు పెట్టడం మా పని. ఇన్నాళ్లూ మన దక్షిణాది చెరువులే చేశాం కాబట్టి కట్ట ఎక్కడుంది, అలుగు ఎటు పారుతుంది అన్నది చూడగానే తెలిసిపోయేది. ఈమధ్య మా టీమ్‌కి అలాస్కా ఉత్తరపు అంచు ఇచ్చారు, అంటే బ్రూక్స్ పర్వతాలు దాటాక ఆర్కిటిక్ సముద్రం దాకా పరుచుకున్న చదును నేల. చెట్టన్నది లేదు, అలాంటి చలి నేలనే టండ్రా అంటారట, రోడ్లు దాదాపు లేవు, ఊళ్లు ఎక్కడో ఒకటి. నీళ్లు మాత్రం ఎటు చూసినా నీళ్లే. ఒక్కో చిత్రంలో వందల సరస్సులు, వాటి మధ్యలో మెలికలు తిరుగుతూ నదులు.

నాకు అర్థం కాని సంగతులు ఇవి. ఉట్కియాగ్విక్ (పాత పేరు బారో) దగ్గర ఏడాదికి వానా మంచూ కలిపి 120 మిల్లీమీటర్లకు అటూ ఇటూ అట. మన అనంతపురంలో 550 దాకా పడుతుంది, దాన్నే కరువు జిల్లా అంటాం. మరి అక్కడ ఇన్ని నీళ్లు ఎక్కడివి?

రెండోది, సరస్సులన్నీ ఎవరో దువ్వినట్టు ఒకే వైపుకి సాగి ఉన్నాయి, ఉత్తరం నుంచి కొంచెం పడమరకి వాలి. చిన్నవీ అంతే, కిలోమీటర్ల పొడవున్నవీ అంతే.

మూడోదే నాకు అసలు టెన్షన్. పాత ల్యాండ్‌శాట్ చిత్రంలో నిండుగా ఉన్న ఒక సరస్సు కొత్త చిత్రంలో లేదు. నీళ్ల బదులు మురికి గోధుమరంగు, అంచుల్లో మాత్రం పచ్చగా ఉంది. ఇలాంటివి ఇంకా కనబడుతున్నాయి. మా లీడ్ గారు "మబ్బు అయ్యుంటుంది, లేదంటే పాత డేటాలో తప్పు, తీసేసెయ్" అంటున్నారు. తీసేయడానికి నాకు మనసు ఒప్పడం లేదు. ఒక సరస్సు నిజంగానే అలా మాయమవుతుందా?

కేఆర్‌పురం_కుర్రాడు

అన్నా, హిమానీనదాలు కరిగి వచ్చే నీళ్లే కదా అవి? హిమాలయాల్లో లాగా. గ్లోబల్ వార్మింగ్ వల్ల ఎక్కువ కరిగి సరస్సులు పెరుగుతున్నాయని ఎక్కడో చదివాను.

చలినేల

కేఆర్‌పురం తమ్ముడూ, కాదు. ఆ తీర మైదానం మీద కిందటి హిమయుగంలో కూడా హిమానీనదాలు లేవు. బ్రూక్స్ పర్వతాల్లో ఉన్నవి చాలా చిన్నవి, ఈ సరస్సులకి వాటితో పనే లేదు. నేను పర్మాఫ్రాస్ట్ మీద పనిచేస్తాను, చదువుకునే రోజుల్లో వేసవుల్లో ఆ నేల మీద నడిచాను, కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

నీళ్లకి కారణం ఆకాశంలో లేదు, కాళ్ల కింద ఉంది. వరుసగా రెండేళ్లు గానీ అంతకంటే ఎక్కువ గానీ సున్నా డిగ్రీలకు పైకి రాని నేలని పర్మాఫ్రాస్ట్ అంటారు. ఉట్కియాగ్విక్ దగ్గర అది సుమారు 400 మీటర్ల లోతు దాకా ఉంది, తూర్పున ప్రూడో బే దగ్గర 600 దాటుతుంది. సైబీరియాలోని యాకుత్స్క్‌లో షెర్గిన్ అనే వ్యాపారి నీళ్ల బావి కోసం 1828లో తవ్వకం మొదలుపెట్టి 1837 దాకా 116 మీటర్లు దిగాడు, నీళ్లు పడలేదు, అడుగున ఇంకా గడ్డకట్టిన నేలే ఉంది. ఈ నేలలో పైపొర ఒక్కటే వేసవిలో కరుగుతుంది. మేం సన్నటి ఇనుప కడ్డీ పట్టుకుని తిరిగేవాళ్లం. జూలై చివర్లో కూడా నాచులోకి గుచ్చితే మోకాలి లోతుకి అటూ ఇటూ మెత్తగా దిగుతుంది, ఆ తర్వాత ఠక్కున ఆగిపోతుంది, ఎంత బలం పెట్టినా అంగుళం కదలదు. కడ్డీ బయటికి తీసి చివర పట్టుకుంటే వేళ్లు కొంకర్లు పోతాయి. పైన ఎండ, బూట్ల చుట్టూ నీళ్లు, చెవుల చుట్టూ దోమలు, అడుగున్నర కింద శీతాకాలం.

ఇప్పుడు లెక్క చూడండి. నీళ్లు కిందికి ఇంకే దారి లేదు. నేల బల్లపరుపు కాబట్టి పక్కకి పారే వాలూ లేదు. ఎనిమిది తొమ్మిది నెలలు పడిన మంచు అంతా కదలకుండా ఉండి జూన్‌లో ఒక్కసారిగా కరుగుతుంది. ఉట్కియాగ్విక్‌లో మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి రోజుల దాకా సూర్యుడు అస్తమించడు గానీ, గాలి చల్లగానే ఉంటుంది, ఆవిరయ్యేది తక్కువ. అనంతపురంలో 550 మిల్లీమీటర్లు పడినా ఎండకి ఆవిరయ్యేది, నేల తాగేది పోతే మిగిలేదెంత? పడే వాన కంటే పోయే దారులు ముఖ్యం. అక్కడ పోయే దారులన్నీ మూసుకుని ఉన్నాయి.

ఇక సరస్సు ఎలా పుడుతుందంటే, చలికాలం మైనస్ ముప్పైల్లో నేల కుంచించుకుపోయి పగుళ్లు ఇస్తుంది. వసంతంలో కరిగిన నీళ్లు ఆ సన్నటి పగుళ్లలోకి దిగి గడ్డకడతాయి. మళ్లీ చలికాలం అక్కడే పగులుతుంది, మళ్లీ నీళ్లు. వందల ఏళ్లు ఇలా జరిగితే పగులు ఉన్నచోట మీటర్ల వెడల్పున, కిందికి పోయేకొద్దీ సన్నబడే ఐసు మేకు తయారవుతుంది. లెఫింగ్‌వెల్ అనే ఆయన అలాస్కా ఉత్తర తీరంలో ఏళ్ల తరబడి ఉండి, 1915లో దీన్ని మొదటిసారి వివరంగా రాశాడు. మీ చిత్రాల్లో బాగా జూమ్ చేస్తే నేలంతా పదీ ఇరవై మీటర్ల పలకలు పలకలుగా కనబడుతుంది చూడండి, ఆ గీతల కింద ఉన్నవి ఇవే. ఏదో కారణంగా ఈ మేకు తల కరిగితే పైన నేల కుంగుతుంది, కుంగిన చోట నీళ్లు చేరతాయి, నల్లటి నీళ్లు ఎండని బాగా పీలుస్తాయి, దాంతో కింద ఇంకా కరుగుతుంది. రెండు మూడు గుంటలు కలిసి మడుగు, మడుగులు కలిసి సరస్సు. థర్మోకార్స్ట్ సరస్సులు అంటారు వీటిని.

ఇందులో లోతు చాలా పెద్ద తేడా తెస్తుంది. అక్కడ చలికాలంలో సరస్సు మీద ఐసు సుమారు ఒకటిన్నర నుంచి రెండు మీటర్ల మందం పెరుగుతుంది. అంతకంటే లోతు తక్కువుంటే అడుగు దాకా గడ్డకట్టుకుపోతుంది, కింద నేల చల్లగానే ఉంటుంది. అంతకంటే లోతుంటే ఐసు కింద నీళ్లు మిగులుతాయి, ఏడాది పొడవునా అడుగు నేల సున్నాకి పైనే ఉంటుంది, అక్కణ్ణుంచి కింద పర్మాఫ్రాస్ట్ కరగడం మొదలవుతుంది. చేపలు బతికేది కూడా ఈ లోతు సరస్సుల్లోనే. పై చూపుకి పక్కపక్కనే ఉన్న రెండు సరస్సులు ఒకేలా ఉంటాయి, లోపల రెండూ వేరే లోకాలు.

ఒకే దిక్కుకి ఎందుకు అన్నదానికి ఎక్కువమంది ఒప్పుకునే కారణం గాలి. అక్కడ వేసవిలో గాలి ఎక్కువగా తూర్పు ఈశాన్యం నుంచి, అప్పుడప్పుడు దానికి సరిగ్గా ఎదురు దిక్కు నుంచి వీస్తుంది. అలలు గాలికి ఎదురుగా ఉన్న ఒడ్డుని కొట్టినా, నీళ్లు అక్కడ కుప్పపడి ఒడ్డు వెంట రెండు చివరలకీ తిరుగుతాయి, కోత ఆ చివరల్లో ఎక్కువ. అందుకే గాలికి అడ్డంగా సరస్సు పొడుగు సాగుతుంది. తేషెక్‌పుక్ అనే సరస్సు మీ చిత్రాల్లో ఉండే ఉంటుంది, 800 చదరపు కిలోమీటర్లకు పైన, ఆ మైదానంలో అన్నిటికంటే పెద్దది. దాని దక్షిణం వైపు చిన్న సరస్సులు చూస్తే ఈ సాగుడు ఇంకా స్పష్టంగా తెలుస్తుంది.

మీ మూడో ప్రశ్నకి ఒక్క మాట ఇప్పుడే చెప్తాను. ఆ సరస్సుని తీసేయకండి. అది నిజంగానే ఖాళీ అయింది.

తూము_అలుగు

అమ్మా చలినేల, చాలా బాగా చెప్పావు. నేను నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి, ఇప్పుడు అబ్బాయి దగ్గర బెంగళూరులో ఉంటున్నాను. సర్వీసంతా రాయలసీమ చెరువుల మీదే గడిచింది. నువ్వు చెప్పింది చదువుతుంటే నాకు ఒక్కటే తోస్తోంది. మన చెరువుకి మనిషి వేసిన మట్టికట్ట ఆధారం, అక్కడ గడ్డకట్టిన నేలే అడుగూ కట్టా రెండూ. కట్ట ఎక్కడ బలహీనపడితే అక్కడ గండి పడుతుంది.

మన దగ్గర గండి ఎలా పడుతుందో పటాల_పని బాబుకి చెప్పాలి. ఒకటి, అలుగు చాలక నీళ్లు కట్ట మీంచి పొర్లడం. రెండు, కట్టలో ఎలుక బొరియో ఎండ్రకాయ బొక్కో ఉండి నీళ్లు దారి చేసుకోవడం. మొదట చేతివేలంత ధార, దాన్ని చూసి ఎవరూ భయపడరు. మట్టిని కొంచెం కొంచెం మోసుకుపోతుంది, దారి వెడల్పవుతుంది, వేగం పెరుగుతుంది, ఇక ఇసుక బస్తాలు వేసినా నిలవవు. రాత్రి మొదలైతే తెల్లారేసరికి చెరువు ఖాళీ. ఆ రోజు ఊళ్లో ఎవరి ముఖంలోనూ నెత్తురు చుక్క ఉండదమ్మా.

నేను అడిగేది ఏంటంటే, అక్కడ ఎలుక బొరియ పని ఏది చేస్తుంది? ఎంతసేపట్లో ఖాళీ అవుతుంది? కట్టకు మేం లెక్కగట్టేది నీటి కోత ఒక్కటే, అక్కడ నీటి వేడి కూడా కోస్తుంది కదా, ఈ రెండూ కలిస్తే ఎంత త్వరగా తెగిపోవాలి?

చలినేల

సర్, సరిగ్గా అడిగారు. ఎలుక బొరియ పని ఆ ఐసు మేకులే చేస్తాయి. సరస్సు ఏటా అర మీటరో మీటరో ఒడ్డుని తింటూ పక్కనున్న నది వైపో, వాగు వైపో, ఇంకో సరస్సు వైపో జరుగుతుంది. ఒక వసంతంలో మంచు కరిగి నీటిమట్టం పెరిగి, ఒడ్డు మీంచి పొర్లి, ఒక పలక గీత వెంట సన్నగా పారుతుంది. ఆ గీత కింద ఐసు కాబట్టి నీళ్లు దాన్ని కరిగించుకుంటూ కిందికి దిగుతాయి. మీరన్న రెండు కోతలూ ఒకేసారి. తేషెక్‌పుక్‌కి అటువైపు ఒక సరస్సు 2014 జూలైలో ఇలాగే తెగితే, అక్కడ పెట్టిన పరికరాలు మొత్తం రికార్డు చేశాయి, ఒకటిన్నర రోజులో చాలా మటుకు నీళ్లు వెళ్లిపోయాయి.

ఇది ఎవరూ లేని చోట జరిగే వింత అనుకోకండి. అలాస్కా వాయవ్య తీరంలో పాయింట్ లే అని అక్కడి మూలవాసులైన ఇనూపియాట్‌ల ఊరు ఒకటుంది. వాళ్ల తాగునీళ్లు ఒక సరస్సు నుంచే. 2016 ఆగస్టులో ఆ సరస్సు ఒడ్డు తెగి కొకోలిక్ నదిలోకి ఖాళీ అయిపోయింది. చలికాలానికి ముందు వేసవిలోనే నీళ్లు తోడి ట్యాంకుల్లో పెట్టుకోవాల్సిన ఊరు అది. మీరు చెప్పిన ముఖంలో నెత్తురు చుక్క లేకపోవడం అక్కడా అంతే సర్.

ఇంకో సంగతి మీకు తప్పకుండా నచ్చుతుంది. కెనడాలో మెకెంజీ నది డెల్టా పక్కన ఇల్లిసార్విక్ అని ఒక చిన్న సరస్సుకి 1978 ఆగస్టులో కావాలనే గండి కొట్టారు. జె. రాస్ మెకే అనే శాస్త్రవేత్త ఆలోచన అది. నీళ్లు పోయాక అడుగు నేల మళ్లీ ఎలా గడ్డకడుతుందో, కొత్త పగుళ్లు ఎప్పుడు పడతాయో మొదటి రోజు నుంచి కొలవాలని. దశాబ్దాల పాటు కొలిచారు. ఖాళీ అయిన సరస్సు అడుగున మిగిలిన తడి నేల పైనుంచీ పక్కలనుంచీ గడ్డకడుతూ వస్తే, లోపలి నీళ్లు పోయే దారి లేక పైకి ఒత్తుతాయి, నేల గుట్టలా లేస్తుంది. పింగో అంటారు. ఆ ప్రాంతంలోనే టుక్టోయాక్టుక్ దగ్గర 1,300 దాకా ఉన్నాయి, ఇబ్యుక్ అనేది 49 మీటర్ల ఎత్తు. మట్టి కప్పుకున్న ఐసు కొండ అది.

పటాల_పని గారూ, మీరు చూసిన అంచుల్లో పచ్చదనం సంగతి ఇదే. నీళ్లు పోయాక మొదటి ఏడాది బురద. తర్వాత తుంగజాతి గడ్డి ఆక్రమిస్తుంది, అడుగున పోషకాలు ఉంటాయి కాబట్టి చుట్టుపక్కల టండ్రా కంటే పచ్చగా కనబడుతుంది. మబ్బుకి పచ్చటి అంచు ఉండదు. సైబీరియాలోని యాకుతియాలో ఇలా సరస్సు పోయి మిగిలిన పల్లాలని అలాస్ అంటారు, అక్కడి సఖా ప్రజలు తరతరాలుగా ఆ పచ్చికలోనే గుర్రాలూ పశువులూ మేపుకుని, చలికాలానికి గడ్డి కోసుకుంటారు.

పటాల_పని

మేడం, సర్, ఇద్దరికీ చాలా థాంక్స్. చెరువు అనగానే నాకు కట్ట వెతకడం అలవాటు, నేలే కట్ట అనుకుని చూస్తే చిత్రం మొత్తం వేరేలా కనబడుతోంది. ఖాళీ అయిన పల్లాలు ఒకదాని మీద ఒకటి, పాత దాని అడుగున కొత్త సరస్సు, ఇప్పుడు గుర్తుపడుతున్నాను.

నదుల గురించి కూడా అడగాలి. కాల్విల్ నది ముఖద్వారం దగ్గర జూన్ మొదటివారం చిత్రంలో నది నీళ్లు తీరం దాటి సముద్రం మీద తెల్లటి ఐసు పైన పరుచుకుని ఉన్నాయి. నేను గీసిన తీరరేఖ ఎక్కడ ఆపాలో తెలియడం లేదు. ఇది వరదా?

చలినేల

వరదే. కాల్విల్ సుమారు 560 కిలోమీటర్ల నది, కొండల్లో పుట్టి తూర్పుకి, ఆ తర్వాత ఉత్తరానికి పారుతుంది. దక్షిణాన ముందు కరుగుతుంది, ఉత్తరాన నదీ సముద్రమూ ఇంకా గడ్డకట్టే ఉంటాయి. నీళ్లు వచ్చేస్తాయి, పోవడానికి దారి ఉండదు, సముద్రపు ఐసు మీదికే ఎక్కుతాయి. ఆ ఐసులో ఎక్కడ చిల్లు దొరికితే అక్కడ సుడి తిరుగుతూ కిందికి దూకి సముద్రం అడుగున గోతులు తవ్వుతాయి. మీ తీరరేఖ ఆగస్టు చిత్రంతో గీయండి, జూన్ చిత్రంతో కాదు.

టండ్రాలో చిన్న వాగులకైతే ఏడాది ప్రవాహంలో సింహభాగం ఆ రెండు మూడు వారాల్లోనే అయిపోతుంది. చలికాలంలో చాలావరకు అడుగు దాకా గడ్డే.

తూము_అలుగు

ఇలాగే ఉత్తరానికి పారే సైబీరియా లీనా నది గురించి నాకు కొంచెం తెలుసు, చెప్తాను. బైకాల్ సరస్సు పక్క కొండల్లో పుట్టి దాదాపు 4,300 కిలోమీటర్లు ఉత్తరానికి పారి లాప్తెవ్ సముద్రంలో కలుస్తుంది. డెల్టా ఒక్కటే దాదాపు 30,000 చదరపు కిలోమీటర్లు, అంటే మన ఉమ్మడి కర్నూలు, అనంతపురం జిల్లాలు రెండూ కలిపినా దానికి కొంచెం పైన, అంతే. మన కృష్ణా గోదావరుల్లో ఎగువన వాన పడితే దిగువకి ఎప్పుడొస్తుందో గేజీలు చూసి చెప్పేవాళ్లం. అక్కడ ఎగువన కరిగిన నీళ్లు దిగువన ఉన్న ఐసుని పగలగొట్టుకుంటూ రావాలి. పగిలిన పలకలు ఒక వంపులో ఇరుక్కుంటే అదే ఆనకట్ట, నీళ్లు ఊళ్ల మీదికి. 2001 మేలో లెన్స్క్ అనే పట్టణం ఇలాగే మునిగిపోయింది. ఐసు అడ్డుని పగలగొట్టడానికి యుద్ధవిమానాలతో బాంబులు వేశారు. గేట్లు ఎత్తే వీలున్న చోట పనిచేసినవాణ్ణి, గేటే లేని నది ముందు ఆ ఇంజనీర్ల పరిస్థితి తలచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది.

ప్రపంచంలో నదులన్నీ సముద్రాలకి మోసే నీళ్లలో పదో వంతుకి పైన ఆర్కిటిక్‌లోకే పోతాయి. ఆ సముద్రం చూస్తే మొత్తం సముద్రాల నీటిలో నూటికి ఒక పాలు. అందుకే ఆ నదుల్లో ఏ చిన్న మార్పు వచ్చినా ఆ సముద్రానికి తగులుతుంది.

కేఆర్‌పురం_కుర్రాడు

అక్కా, ఒక డౌట్. సరస్సులు పుట్టడం, ఖాళీ కావడం ఎప్పటినుంచో ఉన్నదే అయితే, వాతావరణ మార్పు అని గొడవ ఎందుకు? ఇది దాని సహజ పద్ధతే కదా? వాదన కోసం కాదు, నిజంగానే అడుగుతున్నా.

చలినేల

మంచి ప్రశ్నే తమ్ముడూ. పుట్టడం పోవడం కొన్ని వేల ఏళ్లుగా ఉంది, అందులో సందేహం లేదు. మారుతున్నది వేగమూ, ఎటువైపు మొగ్గుతోందన్నదీ. సైబీరియాలో 1973 నాటి చిత్రాలనీ 1997-98 నాటి చిత్రాలనీ పోల్చి 2005లో ఒక పరిశోధన వచ్చింది, పదివేలకు పైగా పెద్ద సరస్సుల మీద. మొత్తం మీద సంఖ్య 11 శాతం తగ్గింది. కానీ పర్మాఫ్రాస్ట్ తెగకుండా దట్టంగా ఉన్న ఉత్తరాన సరస్సులు పెరిగాయి, అది పలచబడి ముక్కలైన దక్షిణాన తగ్గాయి. మొదట కరిగినప్పుడు నీళ్లు చేరతాయి, ఇంకా కరిగితే అడుగు చిల్లు పడి ఇంకిపోతాయి, లేదా గండి పడుతుంది. ఒకే వేడి రెండు పనులూ చేస్తుంది. అందుకే ఎక్కడో సరస్సు పెరిగిందని ఒకరు, తగ్గిందని ఇంకొకరు రాస్తే ఇద్దరూ నిజమే చెబుతుండవచ్చు. 2022లో ఆర్కిటిక్ మొత్తం మీద వచ్చిన ఒక పరిశోధన ఈ శతాబ్దంలో తగ్గుదలే ఎక్కువని తేల్చింది. శరదృతువులో పడే వానలు నేలలోకి వేడిని మోసుకుపోవడం కూడా అందులో ఒక కారణం.

నాకు దిగులు పెట్టేది ఈ నేలలో దాచి ఉన్నది. ఉత్తరాది పర్మాఫ్రాస్ట్ నేలల్లో 1,400 నుంచి 1,600 బిలియన్ టన్నుల కార్బన్ ఉందని అంచనా, గాలిలో ఇప్పుడున్నదానికి దాదాపు రెట్టింపు. వేల ఏళ్ల కిందటి గడ్డీ వేర్లూ కుళ్లకుండా గడ్డకట్టి ఉన్నాయి. సరస్సు అడుగున అవి కరిగితే, గాలి తగలని బురదలో సూక్ష్మజీవులు వాటిని తిని మీథేన్ వదులుతాయి. అక్టోబర్‌లో కొత్తగా పట్టిన ఐసు నల్లగా అద్దంలా ఉంటుంది, దాని మీద బోర్లా పడుకుని చూస్తే కింద తెల్లటి బుడగలు పొరలు పొరలుగా చిక్కుకుని కనబడతాయి. ఒక బుడగ మీద చిన్న కన్నం చేసి అగ్గిపుల్ల చూపిస్తే మంట లేస్తుంది. ఆ గ్యాస్ వయసు కట్టిన చోట్ల కొన్నిటిలో కార్బన్ ముప్పై వేల ఏళ్లకు పైన పాతదని తేలింది. అంత కాలం నేలలో ఉన్నది మన కాలంలో బయటికి వస్తోంది, అది నేను కళ్లారా చూశాను, ఆ తర్వాత ఇది సహజమే అని ఊరుకోవడం నా వల్ల కాలేదు.

ఖాళీ అయిన పల్లంలో గడ్డి పెరిగి కొంత కార్బన్ మళ్లీ నేలలోకి పోతుంది, నేల మళ్లీ గడ్డకట్టొచ్చు కూడా. అది కూడా లెక్కలో వేయాలి.

నదుల రంగు మారడం ఇంకోటి. బ్రూక్స్ పర్వతాల్లో అద్దంలాంటి వాగులు కాషాయం రంగుకి తిరిగాయి, 2024లో వచ్చిన పరిశోధన కనీసం 75 వాగులని గుర్తించింది. కరిగిన నేలలోని ఖనిజాలకి నీళ్లూ గాలీ తగిలి ఇనుమూ ఇతర లోహాలూ కొట్టుకొస్తున్నాయి, నీళ్లకి ఆమ్లగుణం వస్తోంది. దిగువన ఉన్న ఊళ్లకి చేపలూ అవే, తాగునీళ్లూ అవే.

పులికాట్_నీళ్లు

నేను చెన్నైలో ఉంటాను, సొంతూరు సూళ్లూరుపేట దగ్గర. పిట్టల్ని చూడ్డం నా పిచ్చి. ఈ చర్చ చదివాక రాయకుండా ఉండలేకపోయాను. మనం మాట్లాడుకుంటున్న ఈ నేల మనకి దూరం అనుకుంటున్నారు గానీ, దాని పిల్లలు ఏటా మన పులికాట్‌కి వస్తాయి. కర్ల్యూ శాండ్‌పైపర్ అని ఉల్లంకి జాతి పిట్ట, పిడికిట్లో పడుతుంది, ముక్కు కిందికి కొంచెం వంగి ఉంటుంది. అది గుడ్లు పెట్టేది సైబీరియా టండ్రాలో, తైమిర్ లాంటి చోట్ల. ఆగస్టు నుంచే మన తీరానికి రావడం మొదలవుతుంది, చలికాలమంతా పులికాట్ బురదలో, ఇంకా దక్షిణాన కోడియక్కరైలో తింటూ గడుపుతుంది. ఏప్రిల్‌లో చూడండి, బూడిదరంగు పోయి ఛాతీ ఇటుక ఎరుపు తిరుగుతుంది, అంటే ప్రయాణానికి సిద్ధం. పాతిక ముప్పై గ్రాములు ఉండే లిటిల్ స్టింట్ కూడా ఆర్కిటిక్ నుంచే.

చలినేల గారు చెప్పిన ఆ పలకల మధ్య నీళ్లూ, మడుగు అంచు బురదా లేకపోతే వీటి పిల్లలకి పురుగులు లేవు. అక్కడ మంచు కరిగి పురుగులు లేచే ఆ కొద్ది వారాలకి సరిగ్గా పిల్లలు గుడ్డు పగలగొట్టుకుని రావాలి. ఇంకా ఒక లింకు ఉంది, లెమ్మింగ్ అనే ఎలుక జాతి బాగా ఉన్న ఏడాది నక్కలు వాటిని తిని పిట్టల జోలికి పోవు, లెమ్మింగ్‌లు తగ్గిన ఏడాది గుడ్లూ పిల్లలూ నక్కల పాలే. అలాంటి ఏడాది తర్వాత మన తీరానికి వచ్చే గుంపుల్లో పిల్ల పిట్టలు తక్కువ కనబడతాయి. పులికాట్ ముఖద్వారం పూడిపోతోందని మనం ఇక్కడ బాధపడతాం, అక్కడ మడుగు ఖాళీ అయితే కూడా అదే పిట్టకి దెబ్బ.

పటాల_పని

అందరికీ మరోసారి థాంక్స్. మా లీడ్ గారికి ఈ పచ్చటి అంచు సంగతి, పాయింట్ లే సంగతి చూపించాను. "ఖాళీ అయిన సరస్సు పల్లం" అని కొత్తగా ఒక వర్గం పెట్టడానికి ఒప్పుకున్నారు, పాత సరస్సు గీత తీసేయకుండా ఏ ఏడు ఉంది, ఏ ఏడు లేదు అని రెండు తేదీలు కూడా రాస్తాం. ఒక్కటి మిగిలింది మేడం. లోతు సరస్సునీ, అడుగు దాకా గడ్డకట్టేదాన్నీ పై నుంచి చూసి వేరు చేయగలమా? పాయింట్ లే లాంటి ఊరికి ఏ సరస్సులో చలికాలం నీళ్లుంటాయన్నది తెలియాలి కదా.

చలినేల

చేయగలరు. మామూలు ఫొటోతో కాదు, రాడార్‌తో. మార్చి, ఏప్రిల్ నెలల చిత్రం తీసుకోండి, అప్పటికి ఐసు మందం పూర్తిగా పెరిగి ఉంటుంది. ఐసు కింద నీళ్లుంటే రాడార్ తరంగం ఆ హద్దు దగ్గర బలంగా తిరిగొస్తుంది, సరస్సు మెరుస్తూ కనబడుతుంది. అడుగు దాకా గడ్డకడితే తరంగం నేలలోకి పోతుంది, నల్లగా కనబడుతుంది. ఒకే సరస్సులో అంచులు నల్లగా, మధ్య తెల్లగా కనబడితే మధ్యలో లోతుందని అర్థం. మబ్బూ చీకటీ రాడార్‌కి అడ్డు కావు. యూరప్ వాళ్ల రాడార్ ఉపగ్రహం సెంటినెల్-1 చిత్రాలు 2014 నుంచి ఉచితంగా దొరుకుతాయి. మన బెంగళూరులోనే కూర్చి 2025 జూలై 30న శ్రీహరికోట నుంచి పంపిన నైసార్ కూడా రాడార్ ఉపగ్రహమే, 12 రోజులకోసారి అదే చోటు మీదికి వస్తుంది. నేల ఎంత కుంగిందో కొలవడానికి అది ఇంకా బాగా పనికొస్తుంది, దాని డేటా మీద కూడా ఒక కన్నేసి ఉంచండి.

వేసవి చిత్రాలకి జూలై మూడో వారం నుంచి ఆగస్టు చివరి దాకా ఉన్నవే వాడండి. అంతకు ముందైతే లోతు సరస్సుల మీద ఐసు తేలుతూ ఉంటుంది, తెల్లగా కనబడి నేల అనుకుని వదిలేసే ప్రమాదం ఉంది. తేషెక్‌పుక్ లాంటి పెద్దవాటి మీద జూలైలో కూడా ఉంటుంది. గీత గీసేటప్పుడు నదికి వంద మీటర్ల లోపు వచ్చిన సరస్సులు కనబడితే విడిగా గుర్తు పెట్టి పెట్టుకోండి.

తూము_అలుగు

ఆ చివరి మాట ముఖ్యం బాబూ. వాటి జాబితా తయారైతే ఇక్కడ పెట్టు, ఒడ్డు ఎటువైపు తింటోందో పాత చిత్రాలతో కలిసి చూద్దాం.